తిరుపతి పిన్ కోడ్ 517501: ఒక పెద్ద సంఖ్య గుణాలను చేత్తో తేల్చుకునే సమగ్ర మార్గదర్శి

ఒక పెద్ద పూర్ణాంకాన్ని చూపించి, ఇది ప్రధాన సంఖ్యా, సంయుక్త సంఖ్యా అని అడిగితే మనలో చాలామంది దాన్ని 3తో, 7తో, 11తో వరసగా భాగిస్తూ కూర్చుంటాం. ఆ దారిలో వెళ్లినా ఎప్పటికో ఒకప్పటికి జవాబు దొరుకుతుంది. కానీ అవును, కాదు అన్న ఒక్క మాట తప్ప ఆ సంఖ్య గురించి మరేమీ తెలియదు. ఇక్కడ చూపబోయే పద్ధతి వేరు. సంఖ్య లోపలికి వెళ్లే ముందు దాని పక్క సంఖ్యను, అంటే దానికంటే ఒకటి తక్కువైన సంఖ్యను, కారణాంకాలుగా విప్పుకుంటాం. పక్క సంఖ్య తేలిగ్గా విడిపోయేదైతే, అసలు సంఖ్య గుణాలు చాలావరకు అక్కడి నుంచే రాబట్టుకోవచ్చు.

ఉదాహరణగా తీసుకున్నవి మన ప్రాంతపు ఉత్తరాల మీద రోజూ కనిపించే రెండు సంఖ్యలు: తిరుపతి పిన్ కోడ్ 517501, చిత్తూరు పిన్ కోడ్ 517001. పిన్ కోడ్ విధానం 1972 ఆగస్టు 15న మొదలైంది. అందులో మొదటి అంకె 5 ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకలున్న మండలాన్ని సూచిస్తుంది, మొదటి మూడంకెలు కలిసి ఉత్తరాలను వేరుచేసే జిల్లాను సూచిస్తాయి, చివరి మూడు అంకెలు తపాలా కార్యాలయానివి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయినా రెండు ఊళ్లకూ ముందుండే 517 మాత్రం మారలేదు. ఆరంకెల సంఖ్యలనే ఎంచుకోవడానికి కారణం ఉంది. చూడగానే తేలిపోయేంత చిన్నవి కావు, కాగితం మీద పూర్తిచేయలేనంత పెద్దవీ కావు. కాగితం, పెన్సిలు, మామూలు క్యాలిక్యులేటర్ ఉంటే చాలు. పదో తరగతి లెక్కలు వచ్చినవారు ఎవరైనా మొత్తం చేయగలరు.

మొదటి మెట్టు: పరిమాణాన్ని, హద్దును గుర్తించడం

సంఖ్యను మన పద్ధతిలో విడదీసి 5,17,501 అని రాసుకోండి. వెంటనే దాని వర్గమూలం ఏ రెండు పూర్ణాంకాల మధ్య ఉందో చూడండి: 719² = 516961, 720² = 518400. అంటే మన సంఖ్య వర్గ సంఖ్య కాదు, దాని వర్గమూలం 719 దాటి కొంచెం పైన ఉంది. చిత్తూరు సంఖ్యకూ ఇదే హద్దు వర్తిస్తుంది, ఎందుకంటే 517001 కూడా 516961 కంటే ఎక్కువే.

ఈ హద్దు ఎందుకంటే, సంయుక్త సంఖ్యకు వర్గమూలాన్ని మించని ప్రధాన కారణాంకం ఒక్కటైనా ఉండి తీరుతుంది. కాబట్టి 719 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూస్తే తీర్పు వచ్చేస్తుంది. అయితే అవి 128 ఉన్నాయి. 128 భాగహారాలు చేయగల ఓపిక ఉన్నవారికి నమస్కారం. మనం పదహారు తీసివేతలతో పని ముగించబోతున్నాం.

రెండో మెట్టు: భాగహారం లేకుండా చేసే పరీక్షలు

చివరి అంకె 1 కాబట్టి 2, 5 కారణాంకాలు కావు. అంకెల మొత్తం 5+1+7+5+0+1 = 19; దాన్ని 3తో భాగిస్తే 1 మిగులుతుంది, 9తో భాగించినా 1 మిగులుతుంది. సంఖ్యాశాస్త్రం పేరుతో అంకెలను కూడి, మళ్లీ కూడి ఒక్క అంకెకు దించి జాతకం చెప్పేవారు ఈ ఊరికి వచ్చే ఫలం కూడా 1 అనే అంటారు. గణితంలో ఆ ఒక్క అంకెకు ఉన్న అర్థం ఇదొక్కటే: 9తో భాగిస్తే మిగిలే శేషం. అంతకుమించి అందులో ఏమీ లేదు.

తర్వాతి పరీక్షను బడుల్లో తగినంతగా చెప్పడం లేదు గానీ, ఇది చాలా పదునైనది. 7 × 11 × 13 = 1001 కాబట్టి, ఆరంకెల సంఖ్యలో చివరి మూడంకెల నుంచి మొదటి మూడంకెలను తీసివేస్తే వచ్చే తేడాను ఈ మూడింటితో పరీక్షిస్తే చాలు. తిరుపతి సంఖ్యకు 501 − 517 = −16. పదహారును 7 గానీ, 11 గానీ, 13 గానీ భాగించవు. కాబట్టి మూడూ ఒక్క దెబ్బకు పోయాయి. అలాగే 27 × 37 = 999 కాబట్టి, తీసివేతకు బదులు కూడిక చేస్తే 37 పరీక్ష అవుతుంది. 517 + 501 = 1018; అందులో 999 పోగా 19. కనుక 37 కూడా కారణాంకం కాదు.

ఇదే కూడికను చిత్తూరు సంఖ్యకు చేయండి: 517 + 001 = 518. అది 37 × 14. ఒక్క కూడికతో చిత్తూరు సంఖ్య దొరికిపోయింది: 517001 = 37 × 13973.

మూడో మెట్టు: చిత్తూరు సంఖ్యను పూర్తిగా విప్పడం

ఇప్పుడు 13973 మిగిలింది. దీని వర్గమూలం 118 దాటి ఉంది. 37 నుంచి ఒక్కో ప్రధాన సంఖ్యతో భాగిస్తూ వెళ్లవచ్చు. అలా వెళితే పన్నెండు విఫల ప్రయత్నాల తర్వాత గానీ ఫలితం రాదు. దానికి బదులు ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా చెప్పిన వర్గాల తేడా పద్ధతి వాడదాం. ఒక బేసి సంఖ్యను రెండు వర్గాల తేడాగా రాయగలిగితే, మొత్తం, భేదం అనే రెండు కారణాంకాలు వాటంతట అవే వస్తాయి. కాబట్టి వర్గమూలానికి పైనున్న మొదటి పూర్ణాంకం 119 నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క వర్గంలో నుంచి 13973 తీసివేసి, మిగిలింది వర్గమా కాదా అని చూస్తూ పోవాలి.

119² = 14161, మిగిలేది 188.
120² = 14400, మిగిలేది 427.
121² = 14641, మిగిలేది 668.
122² = 14884, మిగిలేది 911.
123² = 15129, మిగిలేది 1156, అంటే 34².

ఐదో వరుసలో దొరికింది. 13973 = 123² − 34² = (123 − 34) × (123 + 34) = 89 × 157. రెండూ ప్రధాన సంఖ్యలే. కాబట్టి చిత్తూరు సంఖ్య పూర్తి రూపం 517001 = 37 × 89 × 157.

రెండు కారణాంకాలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నప్పుడే ఈ పద్ధతి చురుగ్గా పనిచేస్తుందని గుర్తుంచుకోండి. మొత్తం 517001 మీదే నేరుగా దీన్ని మొదలుపెడితే ఇంత త్వరగా ముగియదు, ఎందుకంటే అక్కడ అన్నిటికంటే దగ్గరగా ఉన్న జంట 157, 3293. ఇక సంఖ్య ప్రధానమే అయితే, సంఖ్యలో సగం దాకా వెళ్లాల్సి వస్తుంది. అందుకే తిరుపతి సంఖ్యకు ఇది పనికిరాదు.

కారణాంకాలు తెలిశాయి కాబట్టి మిగిలిన లెక్కలు క్షణాల్లో అయిపోతాయి. మూడు వేర్వేరు ప్రధాన కారణాంకాలు కాబట్టి మొత్తం కారణాంకాలు 8: 1, 37, 89, 157, 3293, 5809, 13973, 517001. వాటి మొత్తం 38 × 90 × 158 = 540360. సంఖ్యను మినహాయించి మిగిలిన కారణాంకాల మొత్తం 23359 మాత్రమే, సంఖ్యకంటే చాలా తక్కువ. కాబట్టి ఇది న్యూన సంఖ్య. 517001 వరకు ఉన్న పూర్ణాంకాల్లో దీనితో ఉమ్మడి కారణాంకం లేనివి 36 × 88 × 156 = 494208.

నాలుగో మెట్టు: పక్క సంఖ్యను విప్పడం

ఇక అసలు విషయానికి వద్దాం. 517501 కంటే ఒకటి తక్కువైనది 517500. చివరి రెండు సున్నాల వల్లే ఇది తేలిగ్గా విడిపోతుంది: 5175 × 100; 5175 = 23 × 225. కాబట్టి 517500 = 23 × 22500 = 23 × 150². ప్రధాన కారణాంకాల్లో రాస్తే 2² × 3² × 5⁴ × 23. దీనికి 90 కారణాంకాలు ఉన్నాయి.

ఈ ఒక్క వాక్యంలో తిరుపతి సంఖ్య గురించి ఎంత సమాచారం ఉందో చూడండి. 517501ను 9తో భాగించినా, 25తో భాగించినా, 625తో భాగించినా, 23తో భాగించినా శేషం 1. 4తో భాగించినా శేషం 1. కానీ 517500లో 2 రెండుసార్లే ఉంది కాబట్టి 16తో భాగిస్తే 1 రాదు. 517500ను 16తో భాగిస్తే 12 మిగులుతుంది, కనుక 517501కు శేషం 13. ఈ మూడు శేషాలు, అంటే 25కు 1, 16కు 13, 9కు 1, కాగితం పక్కన విడిగా రాసి పెట్టుకోండి. వచ్చే మెట్టంతా వీటి మీదే నిలబడుతుంది.

అయిదో మెట్టు: రెండు వర్గాల మొత్తం

నాలుగుతో భాగిస్తే 1 మిగిలే ప్రతి ప్రధాన సంఖ్యనూ రెండు వర్గాల మొత్తంగా, అదీ ఒకే ఒక్క విధంగా, రాయవచ్చునని ఫెర్మా 1640లో తోటి గణితవేత్త మెర్సెన్‌కు రాసిన ఉత్తరంలో చెప్పాడు. దాన్ని నిరూపించినవాడు స్విస్ గణితవేత్త ఆయిలర్, దాదాపు శతాబ్దం తర్వాత. మనకు ఇక్కడ కావలసింది అదే సిద్ధాంతపు రెండో వైపు. నాలుగుతో భాగిస్తే 1 మిగిలే సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా ఒకే ఒక్క విధంగా రాయగలిగి, ఆ రెండు మూల సంఖ్యలకూ 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేకపోతే, అది ప్రధాన సంఖ్య అయి తీరుతుంది. ఆయిలర్ పెద్ద సంఖ్యల ప్రధానత్వాన్ని ఈ తరహా పరీక్షతోనే తేల్చేవాడు. రెండు వర్గాలకు బదులు ఒక వర్గం, మరో వర్గానికి 1848 రెట్లు అనే రూపం తీసుకుని 18518809 ప్రధాన సంఖ్య అని ఆయన చూపాడు: అది 197² + 1848 × 100². క్యాలిక్యులేటర్ లేని పద్దెనిమిదో శతాబ్దంలో చేసిన పని అది.

కాబట్టి మన పని స్పష్టంగా ఉంది. 517501ను రెండు వర్గాల మొత్తంగా రాసే విధానాలన్నీ వెతకాలి. ఒక్కటి దొరకగానే ఆగిపోకూడదు. మరొకటి లేదని కూడా తేలాలి, నిరూపణ బలమంతా అక్కడే ఉంది. 719 వరకు ప్రతి సంఖ్యనూ ప్రయత్నించడం దండగ. పక్క సంఖ్య ఇచ్చిన శేషాలతో జల్లెడ పడదాం.

మొదటి జల్లెడ 5, 25లది. ఏ వర్గాన్నయినా 5తో భాగిస్తే 0, 1, 4 మాత్రమే మిగులుతాయి. రెండు వర్గాల శేషాలు కలిసి 1 కావాలంటే ఒకటి 0, మరొకటి 1 కావడం తప్ప వేరే దారి లేదు. అంటే రెండు మూల సంఖ్యల్లో ఒకటి 5 గుణిజం. దాన్ని ‘గ’ అందాం, రెండోదాన్ని ‘క’ అందాం. గ² పూర్తిగా 25 గుణిజం కాబట్టి, క²ను 25తో భాగిస్తే 1 మిగలాలి. అంటే (క − 1) × (క + 1) అనే లబ్ధం 25 గుణిజం కావాలి. ఈ రెండింటి మధ్య తేడా 2 మాత్రమే కాబట్టి రెండూ ఒకేసారి 5 గుణిజాలు కాలేవు. ఏదో ఒకటి మొత్తంగా 25 గుణిజం కావాలి. కనుక క అనేది 25 గుణిజానికి ఒకటి ఎక్కువ గానీ, ఒకటి తక్కువ గానీ అయి ఉండాలి: 1, 24, 26, 49, 51 అలా 699, 701 వరకు. 719 సంఖ్యల నుంచి 57కు దిగాం.

రెండో జల్లెడ 16. బేసి సంఖ్య వర్గాన్ని 16తో భాగిస్తే 1 గానీ 9 గానీ మిగులుతుంది. సరి సంఖ్య వర్గానికి 0 గానీ 4 గానీ. మనకు కావలసిన 13 రావాలంటే 9 + 4 ఒక్కటే దారి. కాబట్టి సరి మూలం 4తో భాగిస్తే 2 మిగిలేది కావాలి. బేసి మూలం 8తో భాగిస్తే 3 గానీ 5 గానీ మిగిలేది కావాలి. ఆ 57 సంఖ్యల్లో దీనికి నిలిచేవి 29.

మూడో జల్లెడ 9. 3తో భాగిస్తే వర్గాల శేషాలు 0 లేదా 1 మాత్రమే. మొత్తం శేషం 1 కావాలి కాబట్టి రెండు మూలాల్లో సరిగ్గా ఒకటి 3 గుణిజం. రెండోదాని వర్గాన్ని 9తో భాగిస్తే 1 మిగలాలి, అంటే ఆ మూలం 9 గుణిజానికి ఒకటి అటో ఇటో ఉండాలి. కాబట్టి మన క అనేది 3 గుణిజమైనా కావాలి, లేదా 9 గుణిజానికి పక్క సంఖ్య అయినా కావాలి. ఉదాహరణకు 74 రెండు జల్లెడలూ దాటింది గానీ, 9తో భాగిస్తే 2 మిగులుతుంది కాబట్టి ఇక్కడ రాలిపోతుంది. 226 మాత్రం 225 పక్కదే కాబట్టి నిలుస్తుంది.

చివరికి మిగిలేవి ఈ పదహారు: 26, 51, 99, 126, 174, 226, 251, 426, 451, 474, 501, 549, 651, 674, 699, 701. ఈ జాబితాను నమ్మి ముందుకు వెళ్లకండి. జల్లెడ మీరే ఒకసారి పట్టి, మీకూ ఇవే వచ్చాయో లేదో సరిచూసుకోండి. ఒక్క సంఖ్య పొరపాటున జారిపోయినా నిరూపణ నిలవదు.

ఆరో మెట్టు: పదహారు తీసివేతలు

ప్రతి సంఖ్య వర్గాన్నీ 517501లో నుంచి తీసివేసి, మిగిలింది వర్గమా అని చూడాలి. మిగిలేది 5 గుణిజపు వర్గం కావాలి కాబట్టి ఇక్కడ కూడా పెద్దగా శ్రమ లేదు.

క సరి సంఖ్య అయితే మిగిలేది 25తో ముగుస్తుంది. 5తో ముగిసే సంఖ్యల వర్గాల్లో 25కు ముందుండే భాగం రెండు వరస సంఖ్యల లబ్ధమని మనకు తెలిసిందే; 35²కు 3 × 4 = 12, పక్కన 25, మొత్తం 1225. కాబట్టి చివరి 25 కొట్టేసి, ముందున్నది వరస సంఖ్యల లబ్ధమా అని చూస్తే సరిపోతుంది. 26కు మిగిలేది 516825, ముందు భాగం 5168. కానీ 71 × 72 = 5112, 72 × 73 = 5256; మధ్యలో పడింది కాబట్టి కాదు. ఇలాగే 126కు 5016, 174కు 4872, 226కు 4664, 426కు 3360, 474కు 2928, 674కు 632 వస్తాయి. ఏ ఒక్కటీ వరస సంఖ్యల లబ్ధం కాదు. చివరిదానికి 24 × 25 = 600, 25 × 26 = 650; మిగిలినవి కూడా ఇలాగే మధ్యలోనే పడతాయి.

క బేసి సంఖ్య అయితే మిగిలేది రెండు సున్నాలతో ముగుస్తుంది. సున్నాలు కొట్టేస్తే మిగిలేదే వర్గం కావాలి. 51కి 5149, 99కి 5077, 251కి 4545, 451కి 3141, 501కి 2665, 549కి 2161, 651కి 937 వస్తాయి. ఏదీ వర్గం కాదు. 451 దగ్గర మాత్రం కాస్త ఊరిస్తుంది, ఎందుకంటే 56² = 3136, అయిదు తేడాతో తప్పిపోయింది. ఇక 699కి వద్దాం. 699² = 488601. 517501 − 488601 = 28900. సున్నాలు కొట్టేస్తే 289, అంటే 17². చివరిగా 701కి 261 వస్తుంది, 16² = 256 కాబట్టి అదీ కాదు.

కాబట్టి 517501 = 699² + 170², మరో విధం లేదు. 699 = 3 × 233, 170 = 2 × 5 × 17; ఉమ్మడి కారణాంకం లేదు. ఆయిలర్ సిద్ధాంతం ప్రకారం 517501 ప్రధాన సంఖ్య. 719 దాకా ఒక్క ప్రధాన సంఖ్యతోనూ నేరుగా భాగించకుండానే ఈ మాట అనగలుగుతున్నాం.

ఈ ఫలితం నుంచి ఒక లంబకోణ త్రిభుజం కూడా వస్తుంది. 699² − 170² = 459701, 2 × 699 × 170 = 237660. ఈ రెండూ భుజాలైతే కర్ణం సరిగ్గా 517501. సంఖ్య ప్రధానం కాబట్టి, ఇంత కర్ణం ఉండి భుజాలు పూర్ణాంకాలైన త్రిభుజం ఇదొక్కటే.

ఏడో మెట్టు: చిత్తూరుకు ఇదే పరీక్ష పెడితే

సిద్ధాంతం ఎందుకు పనిచేస్తుందో తెలియాలంటే సంయుక్త సంఖ్య మీద ప్రయోగించి చూడాలి. చిత్తూరు సంఖ్య ప్రధాన కారణాంకాలు మూడూ నాలుగుతో భాగిస్తే 1 మిగిలేవే: 37 = 6² + 1², 89 = 8² + 5², 157 = 11² + 6². రెండు వర్గాల మొత్తాలను గుణిస్తే వచ్చే లబ్ధం కూడా రెండు వర్గాల మొత్తమే అవుతుందని, బ్రహ్మగుప్తుడి పేరుతో పిలిచే సర్వసమీకరణం చెబుతుంది. అంతేకాదు, ఆ మొత్తం రెండు విధాలుగా వస్తుంది. మొదటి మూలాలను పరస్పరం, రెండో మూలాలను పరస్పరం గుణించి కూడితే ఒక మూలం. అడ్డంగా గుణించి తీసివేస్తే రెండోది. కూడికను తీసివేతగా, తీసివేతను కూడికగా మారిస్తే రెండో విధం.

37 × 89 = 3293కు ఇలా 53² + 22², 43² + 38² వస్తాయి. వీటిని మళ్లీ 11² + 6²తో కలిపితే నాలుగు వస్తాయి:

517001 = 715² + 76²
517001 = 701² + 160²
517001 = 676² + 245²
517001 = 560² + 451²

అంటే కారణాంకాలు ఎక్కువైన కొద్దీ వర్గాల మొత్తాలు పెరుగుతాయి. ఒక్కటే ఉందంటే కారణాంకాలు లేవన్నమాట. వెనక్కి కూడా నడవవచ్చు. కారణాంకాలు తెలియవనుకుని, మొదటి రెండు విధానాలు మాత్రమే చేతిలో ఉన్నాయనుకోండి. బేసి మూలాల తేడా 715 − 701 = 14; సరి మూలాల తేడా 160 − 76 = 84. రెండింటి గసాభా 14. తేడాలను 14తో భాగిస్తే 1, 6. వాటి వర్గాల మొత్తం 37. అదే కారణాంకం! ఇప్పుడు మొత్తాలు తీసుకోండి: 715 + 701 = 1416, 160 + 76 = 236, వాటి గసాభా 236. రెండు గసాభాల్లో సగాలు 7, 118; వాటి వర్గాల మొత్తం 49 + 13924 = 13973. మూడో మెట్టులో 37తో పాటు వచ్చిన సంఖ్య ఇదే.

ఎనిమిదో మెట్టు: దశాంశ భిన్నం

ఇది క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. 1ని ఒక ప్రధాన సంఖ్యతో భాగించినప్పుడు వచ్చే ఆవర్తిత దశాంశంలో, మళ్లీ మళ్లీ వచ్చే అంకెల సంఖ్య ఆ ప్రధాన సంఖ్యకంటే ఒకటి తక్కువైన సంఖ్యను నిశ్శేషంగా భాగిస్తుంది. 2, 5 మాత్రం ఇందుకు మినహాయింపు. కాబట్టి 1/517501కు ఆ పొడవు 517500 కారణాంకాల్లో ఒకటి. మళ్లీ పక్క సంఖ్యే వచ్చింది. చిత్తూరు విషయంలో పూర్తి జవాబే చెప్పవచ్చు: 1/37 మూడంకెలకు, 1/89 నలభై నాలుగంకెలకు, 1/157 డెబ్బై ఎనిమిదంకెలకు ఒకసారి తిరిగి వస్తాయి, 3, 44, 78ల కసాగు 1716 కాబట్టి, 1/517001 సరిగ్గా 1716 అంకెలకు ఒకసారి తిరిగి వస్తుంది.

తొమ్మిదో మెట్టు: ఇరుగు పొరుగు

తిరుపతి సంఖ్యకు మూడు ఎక్కువైతే తిరుమల పిన్ కోడ్ 517504. విలువలో ఇంత దగ్గరగా ఉన్నా గుణాల్లో రెండూ చెరొక దారి. 517504ను 2తో ఏడుసార్లు భాగించవచ్చు. ఆపైన 4043 మిగులుతుంది, అది 13 × 311. కాబట్టి 517504 = 2⁷ × 13 × 311, కారణాంకాలు 32. అన్ని కారణాంకాల మొత్తం 255 × 14 × 312 = 1113840; అందులో నుంచి సంఖ్యను తీసేసినా 596336 ఉంటుంది, సంఖ్యకంటే ఎక్కువ. అందువల్ల ఇది అధిక సంఖ్య. రెండు వర్గాల మొత్తంగా మాత్రం దీన్ని రాయలేం, ఎందుకంటే 311ను నాలుగుతో భాగిస్తే 3 మిగులుతుంది, పైగా అది ఒక్కసారే ఉంది. అలాంటి ప్రధాన కారణాంకం బేసి సార్లు వస్తే వర్గాల దారి మూసుకుపోతుంది.

రెండో వైపు చూస్తే 517499 ఉంది. 517500కు అటు ఒకటి, ఇటు ఒకటి. ఇది కూడా ప్రధాన సంఖ్యే, అంటే 517499, 517501 కవల ప్రధాన సంఖ్యలు. దీన్ని నిరూపించడానికి రెండు వర్గాల మొత్తం పనికిరాదు, నాలుగుతో భాగిస్తే 3 మిగులుతుంది కాబట్టి. దానికి బదులు ఒక వర్గం, మరో వర్గానికి రెండు రెట్లు అనే రూపం తీసుకోవాలి. ఆయిలర్ పరీక్ష దానికీ అలాగే వర్తిస్తుంది. ఇక్కడ రెండు రెట్లు చేయవలసిన మూలం 508 దాటకూడదు. 9 జల్లెడ ప్రకారం మొదటి మూలం 3 గుణిజం కావాలి, రెండో మూలం 9 గుణిజానికి రెండు అటో ఇటో ఉండాలి. 8 జల్లెడ ప్రకారం రెండూ బేసి కావాలి. 5 జల్లెడ ప్రకారం రెండో మూలం చివరి అంకె 3, 5, 7లలో ఒకటి కావాలి. ఆపైన 7, 11 జల్లెడలు కూడా పడితే 83, 187, 205, 313, 335, 407, 425, 457 అనే ఎనిమిది మాత్రమే మిగులుతాయి. 187 దగ్గర 2 × 34969 = 69938; 517499లో నుంచి తీసేస్తే 447561, అంటే 669². మిగిలిన ఏడింటిలో ఏదీ కుదరదు. 517499 = 669² + 2 × 187², ఇదొక్కటే విధం; 669 = 3 × 223, 187 = 11 × 17 కాబట్టి ఉమ్మడి కారణాంకమూ లేదు.